యంత్రముల పొత్తు

రేడియో వినువారికి ఒక సంగతి ఎన్నడును ఆశ్చర్యము కలిగించదు. ఒక ఇంట తాతగారి నాటి మర్ఫీ పెట్టె ఉండవచ్చును. పక్క ఇంట అరచేతిలో ఇమిడెడు కొత్త సెట్టు ఉండవచ్చును. చేసిన కంపెనీలు వేరు, దేశములు వేరు, లోపలి అమరిక వేరు. అయినను హైదరాబాదు కేంద్రమునుండి వచ్చు పాట రెండింటను ఒకే తీరున పలుకును. సెట్టు కొనబోయినపుడు, 'ఇది ఏ కంపెనీవారి పాటలు పలుకును?' అని ఎవరును అడుగరు. అడిగినచో అంగడివాడు నవ్వును. ప్రసారము జరుగు పద్ధతి ఏ ఒక్క వర్తకుని సొత్తును కాదు. అది అందరికి తెలిసిన పద్ధతి కాబట్టియే మనకు ఈ సుఖము లభించినది.

కంప్యూటర్ల విషయమున ఈ సుఖము పుట్టుకతో రాలేదు. ఒకే ఇంటిలో పక్కపక్కన ఉన్న రెండు కంప్యూటర్లు ఒకదాని పత్రమును మరొకటి చదువగలుగుటకు కొన్ని దశాబ్దుల ప్రయాస పట్టినది. ఆ ప్రయాసలో శాస్త్రము కొంత, వ్యాపారము కొంత, న్యాయస్థానముల తగవు కొంత, మన తెలుగు అక్షరముల కష్టము కొంత కలిసి ఉన్నవి. ఆ కథయే ఈ ప్రసంగమునకు విషయము.

కథను వెలిమెలనుండి ప్రారంభింతము. రామచంద్రపురమునకు సమీపముననున్న ఈ గ్రామము 2016 అక్టోబరు వరకు మెదకు జిల్లాలో ఉండినది. ఆపైన సంగారెడ్డి జిల్లాలో చేరినది. ఒకవైపు రామచంద్రపురమున భారత్ హెవీ ఎలక్ట్రికల్స్ వారి కర్మాగారము, ఇంకొకవైపు పటాన్‌చెరు పరిశ్రమలు, 1972లో అక్కడ నెలకొన్న ఇక్రిశాట్ పంటపొలములు, కొల్లూరు మీదుగా పోవు బాహ్య వలయ రహదారి. ఇన్నింటి నడుమ జొన్న చేలు ఇండ్ల స్థలములుగా మారుచున్న నేల ఇది.

ఇచ్చట ఒక ఇంటిని ఊహించుకొందము. తండ్రి పటాన్‌చెరులో ఉద్యోగి. ఆయనకు విండోస్ నడుచు పాత కంప్యూటరు ఉన్నది. కుమారుడు ఇంజనీరింగు విద్యార్థి. అతనిది లినక్సు. కుమార్తె గచ్చిబౌలిలో పనిచేయును. ఆమెది ఆపిల్ వారి మాకింటాషు. తల్లి చేతిలో ఆండ్రాయిడ్ ఫోను. బతుకమ్మ నాడు నాయనమ్మ పాడిన పాటలన్నియు ఆ ఫోనులో ఉన్నవి. తాత తన చిన్ననాటి పొలముల పేర్లను, చెరువు తూముల పేర్లను, ఏ గట్టు ఎవరిదో ఆ వివరమును చెప్పగా, తండ్రి ఇరువది ఏండ్ల క్రిందట తెలుగులో టైపు చేసి ఆ పాత కంప్యూటరులో దాచినాడు. ఆ పొలములు నేడు లేవు. పేర్లు ఆ ఫైలులోనే ఉన్నవి.

పండుగకు అందరు కూడినారు. పాటలు, పేర్లు, పాత చిత్రములు ఒకచోట చేర్చి అందరు చూచునట్లు చేయవలెనని సంకల్పించినారు. నాలుగు యంత్రములు ఒకే గదిలో ఉన్నవి, ఒకదానికొకటి మాటలాడవు. పెన్‌డ్రైవులో ఎక్కించి చూచినచో పాటలు చేరినవి గాని పొడవైన వీడియో ఒకటి పట్టలేదు. తాత మాటలు చేరినవి గాని అక్షరములకు బదులు పిచ్చి గీతలు కనబడినవి. వారికి ఎదురైన అడ్డంకులు మూడు: యంత్రముల భాష, కంపెనీల గోడ, లిపి. చరిత్రలో కూడ ఈ మూడే ఈ క్రమముననే ఎదురైనవి.

మొదటిది యంత్రముల భాష. కంప్యూటరునకు అక్షరములు తెలియవు, అంకెలు మాత్రమే తెలియును. కావున ప్రతి అక్షరమునకు ఒక అంకె కేటాయింపవలెను. అమెరికాలో 1963లో ఆస్కీ అను పట్టిక సిద్ధమైనది. దానిలో ఇంగ్లీషు 'ఏ' అను పెద్ద అక్షరమునకు అంకె 65. ఆ మరుసటి ఏడు, 1964లో, ఐ.బి.యం. కంపెనీవారు తమ సిస్టం 360 యంత్రములకు వేరొక పట్టికను పెట్టుకొన్నారు. దానిలో అదే అక్షరమునకు అంకె 193. ఒక యంత్రము వ్రాసిన ఉత్తరము ఇంకొక యంత్రమునకు అర్థము కాకపోవుటకు ఇంతకంటె కారణము అక్కరలేదు.

అంకెలను వ్రాయు తీరులో సైతము భేదము వచ్చినది. పెద్ద సంఖ్యను ముక్కలుగా చేసి దాచునపుడు కొన్ని యంత్రములు పెద్ద ముక్కను ముందుంచును, కొన్ని చిన్న ముక్కను ముందుంచును. మనము 1967 అని వ్రాసినదానిని ఎదుటివాడు 6719 అని చదివినట్లుండును. 1980లో డానీ కోహెన్ అను శాస్త్రజ్ఞుడు ఈ తగవునకు గలివరు యాత్రలనుండి ఒక పేరు తెచ్చినాడు. లిల్లీపుట్టు మరుగుజ్జులు కోడిగ్రుడ్డును పెద్దకొనవైపు పగులగొట్టవలెనా, చిన్నకొనవైపు పగులగొట్టవలెనా అని యుద్ధములు చేసినారు గదా! కంప్యూటరు శాస్త్రజ్ఞుల తగవును అట్టిదే యని ఆయన భావము. ఏ కొన అయినను ఒకటే, అందరు ఒక్క కొనకు ఒప్పుకొనుట ముఖ్యమని ఆయన చెప్పినాడు.

వరుస ముగిసిన గుర్తు విషయమునను ఇదే గొడవ. పూర్వము టెలిప్రింటరు యంత్రమున వరుస ముగియగానే అచ్చుబండి ఎడమకు పోవలెను, కాగితము పైకి జరుగవలెను. అవి రెండు వేర్వేరు ఆజ్ఞలు. విండోస్ కుటుంబము ఆ రెండింటిని నేటికిని నిలుపుకొన్నది. యూనిక్సు కుటుంబము ఒకటితో సరిపెట్టుకొన్నది. పాత మాకింటాషు మొదటి ఆజ్ఞను ఎన్నుకొన్నది. టెలిప్రింటర్లు మూలపడినను వాటి అలవాటు మన ఇండ్ల కంప్యూటర్లలో మిగిలినది.

మన హైదరాబాదులో ఆ రోజులలో ఏమి జరుగుచుండెనో కూడ గుర్తు చేసికొనవలెను. 1967లో ఇక్కడ ఎలక్ట్రానిక్స్ కార్పొరేషను స్థాపితమైనది. దానికి ప్రాణము పోసినవారు డాక్టరు ఎ. ఎస్. రావుగారు. టి.డి.సి. 12 అను కంప్యూటరు 1969లో వెలువడినది. ట్రాంబే డిజిటల్ కంప్యూటరు అను మూడు మాటలకు అది పొడి పేరు. భారతదేశమున రూపొందిన తొలి కంప్యూటర్లలో ఎన్నదగినది అది. ఆ కాలపు యంత్రములలో పత్రమును ఒక చోటినుండి మరొక చోటికి పంపుట అనగా చిల్లుల కాగితపు చుట్టను గాని, అయస్కాంతపు టేపును గాని మనిషి చేతితో మోసికొనిపోవుటయే. మన వెలిమెల ఇంటివారి పెన్‌డ్రైవు ఆ టేపునకు మనుమడు.

మోయుట మాని తీగమీద పంపు మార్గము చూపినవారిలో భారతీయుడు ఒకరు కలరు. అలహాబాదున పుట్టి, కాన్పూరు ఐ.ఐ.టి. తొలి తరగతిలో చదివి, 1965లో పట్టము పొందిన అభయ్ భూషణ్ అమెరికాకు పోయి మసాచుసెట్స్ సాంకేతిక విద్యాలయమున చేరినారు. అప్పటికి అమెరికాలో ఆర్పానెట్ అను తంతుజాలము 1969 చివర మొదలై, వేర్వేరు కంపెనీల యంత్రములను కలుపుచుండెను. తీగ కలిసినది, మాట కలియలేదు. 1971 ఏప్రిలులో భూషణ్ ఒక పత్రము వ్రాసినారు. ఆ తంతుజాలమువారు తమ ప్రతిపాదనలకు 'అభిప్రాయములు కోరు పత్రము' అని వినయముగా పేరు పెట్టుకొనెడివారు. ఇది ఆ వరుసలో 114వది. ఒక యంత్రమునుండి ఇంకొక యంత్రమునకు ఫైలును బదలాయించుటకు ఎవరు ముందు పలుకవలెను, ఏమని అడుగవలెను, కాదన్నచో ఎట్లు చెప్పవలెను అను మర్యాదను ఆ పత్రము నిర్ణయించినది. దానికే ఎఫ్.టి.పి. అని ప్రసిద్ధి.

ఇచ్చట గమనింపదగిన విషయము ఒకటి ఉన్నది. యంత్రములన్నియు ఒక్క తీరుగా మారవలెనని భూషణ్ కోరలేదు. ఎవరి ఇంటిలోని అలవాట్లు వారివే. వీధిలోనికి వచ్చినపుడు మాత్రము అందరు ఒక్క భాష మాటలాడవలెను. ఆ మాటను తిరిగి తన భాషలోనికి మార్చుకొను బాధ్యత ఎవరిది వారిదే. పటాన్‌చెరు బస్తీలలో బీహారువారు, ఒడిషావారు, తెలుగువారు ఇంట తమ తమ భాష మాటలాడుదురు. సంతలో బేరము మాత్రము అందరికి తెలిసిన మాటలలోనే సాగును. ఆ తరువాత వచ్చిన ఏర్పాట్లన్నింటికి ఈ సూత్రమే పునాది.

ఎఫ్.టి.పి.లో ఒక లోటు ఉన్నది. అది ఫైలు ప్రతిని పంపును. రెండు చోట్ల రెండు ప్రతులు ఏర్పడును. తాత పొలముల పేర్లలో ఒకదానిని తండ్రి దిద్దినాడనుకొందము. కుమార్తె తన ప్రతిలో వేరొకదానిని దిద్దినది. కొన్నాళ్లకు ఏది సరియైనదో ఎవరికిని తెలియదు. కావున ప్రతిని పంపుట కాదు, ఒకే ప్రతిని అందరు తమ తమ బల్లలవద్దనుండి చూచునట్లు, దిద్దునట్లు చేయవలెను. కాలిఫోర్నియాలో 1982లో నలుగురు స్థాపించిన సన్ సంస్థ ఈ పనికి పూనుకొన్నది. ఆ నలుగురిలో వినోద్ ఖోస్లా ఒకరు. ఎన్.ఎఫ్.ఎస్. అను వారి పద్ధతి 1984లో వెలుగుచూచినది. దూరపు యంత్రములోని అర మన యంత్రములోని అరవలెనే కనబడును. పెద్దకొన చిన్నకొన తగవునకు కూడ వారు ఒక తీర్పు చెప్పినారు: తీగమీద పోవు సంఖ్యలన్నియు పెద్దకొన ముందుగానే పోవలెను. ఈ పద్ధతి వివరమును ఇతరులకు తెలియజేసినందున ఇతర కంపెనీలు కూడ దీనిని అవలంబించినవి.

అయితే ఇది విశ్వవిద్యాలయములలో, పరిశోధనశాలలలో ఉండు యూనిక్సు యంత్రముల సౌఖ్యము. ఇండ్లకు, చిన్న ఆఫీసులకు వచ్చినది వేరొక జాతి యంత్రము. 1981 ఆగస్టులో ఐ.బి.యం. వారు పర్సనల్ కంప్యూటరును విడుదల చేసినారు. వాటిని కలుపుటకు ఆ కంపెనీలోని బారీ ఫైగెన్‌బామ్ అను ఇంజనీరు 1980 దశకపు తొలి ఏండ్లలో ఒక పద్ధతి కల్పించినాడు. మొదట దానికి తన పేరులోని పొడి అక్షరములనే పెట్టినాడట. తరువాత ఎస్.ఎం.బి. అను పేరు స్థిరపడినది. మైక్రోసాఫ్టు కంపెనీవారు దానిని తీసికొని, పెంచి, తమ విండోస్‌లో భాగము చేసికొన్నారు. ఆపిల్ వారు తమ యంత్రములకు తమదే ఒక పద్ధతి పెట్టుకొన్నారు. ఈ విధముగా ఒక్కొక్క కంపెనీ చుట్టును ఒక్కొక్క గోడ లేచినది. లోపలివారికి సుఖమే. గోడ దాటదలచినవానికి ద్వారము లేదు. విండోస్ మాటలాడు భాషకు కాలక్రమమున కొత్త మాటలెన్నియో చేరినవి. వాటి నిఘంటువు మాత్రము బయటివారికి పూర్తిగా దొరకలేదు.

రెండవ అడ్డంకి ఇదే. దీనిని దాటినవాడు ఆస్ట్రేలియాలోని కాన్‌బెరా నగరమున పరిశోధన విద్యార్థిగా ఉన్న ఆండ్రూ ట్రిడ్జెల్. 1991 డిసెంబరులో అతని బల్లమీద ఒక పర్సనల్ కంప్యూటరు ఉండెను. విద్యాలయములో సన్ వారి యంత్రము ఉండెను. దానిలోని ఫైళ్లు దీనిలో కనబడవలెనని అతని కోరిక. రెండింటి నడుమ నడుచు సంభాషణకు వ్యాకరణము అతనివద్ద లేదు. అందుచేత తీగమీద పోవు అంకెలను పట్టి చూచుట ప్రారంభించినాడు. ఈ అంకె పంపినచో ఆ జవాబు వచ్చుచున్నది, ఆ అంకె పంపినచో ఈ జవాబు వచ్చుచున్నది అని ఒక్కొక్కటిగా పోల్చుకొన్నాడు. 1992 జనవరిలో తన ప్రోగ్రామును లోకమునకు ఉచితముగా ఇచ్చినాడు.

తన పద్ధతిని తరువాతి కాలమున అతడే ఒక ఉపమానముతో వివరించినాడు. ఫ్రెంచి భాష రానివాడు, పుస్తకము లేనివాడు, ఫ్రెంచివారి కాఫీ హోటలులో ఒక మూల కూర్చుండి వినుట వంటిదట అది. ఎవరు ఏమని అడిగినచో బల్లమీదికి ఏమి వచ్చుచున్నదో చూచుచుండవలెను. తానును ఆ మాట పలికి చూడవలెను. కాఫీకి బదులు రొట్టె వచ్చినచో మాట దిద్దుకొనవలెను. పటాన్‌చెరుకు పనికై వచ్చిన పరరాష్ట్రపు కూలీ కిరాణా కొట్టుముందు నిలిచి తెలుగు నేర్చుకొనుట ఈ విధముననే గదా! ఇందులో దొంగతనము లేదు. వీధిలో పలికిన మాటను విని నేర్చుకొనుట మాత్రమే ఉన్నది.

ఆపైన దాదాపు రెండేండ్లు అతడు ఆ పనిని ప్రక్కన పెట్టినాడు. తిరిగి చేపట్టుటకు కారణము ఏ కంపెనీయు కాదు, ఏ ప్రభుత్వమును కాదు. అతని ఇంట భార్యది విండోస్ కంప్యూటరు. అతడు కొత్తగా తెచ్చుకొన్నది, ఫిన్‌లాండు విద్యార్థి లినస్ టోర్వాల్డ్స్ 1991లో ప్రారంభించిన లినక్సు. ఈ రెండింటిని కలుపవలెనని తన పాత ప్రోగ్రామును వేసి చూడగా అది పనిచేసినది. తాను ఒక చిన్న అవసరమునకు నేర్చుకొన్న భాషయే మైక్రోసాఫ్టు వారి భాష అని అప్పుడు అతనికి తేటపడినది. కోట్లాది యంత్రములను కలిపిన సాధనము ఒక ఇంటిలోని భార్యాభర్తల రెండు కంప్యూటర్లను కలుపుటకై తిరిగి బ్రతికినదని మనము జ్ఞాపకముంచుకొనదగును. పేరు విషయమున ఒక కంపెనీ అభ్యంతరము చెప్పగా, ఎస్, ఎం, బి అను అక్షరములు ఆ వరుసలో వచ్చు మాటలను అతడు నిఘంటువులో వెదకించినాడు. దొరికిన కొలది మాటలలో ఒక నాట్యము పేరు ఉండెను. అదే సాంబా. 1994నుండి ఆ పేరు నిలిచినది.

గోడకు ఒక కిటికీ ఏర్పడినదే గాని ద్వారము తెరువబడలేదు. విండోస్ మారినప్పుడెల్ల సాంబావారు మరల మూల కూర్చుండి వినవలసివచ్చెను. ఈ తగవు ఐరోపాకు ఎక్కినది. 2004 మార్చిలో ఐరోపా కమిషను మైక్రోసాఫ్టుపై 49 కోట్ల 70 లక్షల యూరోలకు పైగా జరిమానా విధించినది. ఇతరుల యంత్రములతో కలిసి పనిచేయుటకు కావలసిన వివరములను బయటపెట్టవలెనని కూడ ఆజ్ఞాపించినది. కంపెనీవారు అప్పీలు చేసినారు. సాంబా పక్షమువారు న్యాయస్థానమునకు పోయి సాక్ష్యము చెప్పినారు. 2007 సెప్టెంబరు 17వ తేదీన న్యాయస్థానము కమిషను తీర్పును ప్రధానాంశములలో సమర్థించినది. ఆ సంవత్సరమే డిసెంబరు 20వ తేదీన ఒడంబడిక కుదిరినది. సాంబా పక్షమున ఒక సంస్థ ఒక్కసారి పదివేల యూరోలు చెల్లించి నిఘంటువును పొందినది. పదునారేండ్లు చెవియొగ్గి నేర్చుకొన్న భాషకు అప్పటికి పుస్తకము దొరికినది. 2008లో కంపెనీవారే ఆ వివరములను అందరికి అందునట్లు ప్రచురించినారు. కాలక్రమమున ఆపిల్ వారును తమ సొంత పద్ధతిని వెనుకకు నెట్టి, 2013నుండి ఈ ఎస్.ఎం.బి. కొత్త రూపమునకే ప్రథమ స్థానమిచ్చినారు. నేడు మన వెలిమెల ఇంటిలోని నాలుగు యంత్రములకు ఉమ్మడి భాష ఉన్నదన్నచో దాని వెనుక ఇంత జరిగినది.

ద్వారము తెరచినవాడు గడియ పెట్టుట మరువరాదు. ఎస్.ఎం.బి. తొలి రూపములో ఒక లోపము ఉండెను. 2017 మార్చిలో మైక్రోసాఫ్టు వారు దానికి మందు విడుదల చేసినారు. అందరు వేసికొనలేదు. మే 12వ తేదీన వన్నాక్రై అను చెడు ప్రోగ్రాము ఆ సందునుండి ఒక యంత్రమునుండి ఇంకొక యంత్రమునకు ప్రాకినది. ఫైళ్లకు తాళము వేసి, తాళపుచెవికి డబ్బు అడిగినది. నూటయేబది దేశములలో రెండు లక్షలకు పైగా యంత్రములు దెబ్బతినినవి. ఆంధ్రప్రదేశ్‌లో కొన్ని పోలీసు కార్యాలయముల కంప్యూటర్లు కూడ వాటిలో ఉన్నవి. ఫైళ్లను పంచుకొనుటకు పెట్టుకొన్న దారినే చేటు వచ్చినది. ఆ సంవత్సరము చివరనుండి కొత్త విండోస్‌లో ఈ తొలి రూపమును అడిగిననే తప్ప పెట్టుట మానినారు.

ఇక మూడవ అడ్డంకి, మన లిపి. ఇది మనవారు తప్ప ఇతరులు చెప్పలేని కథ. ఫైలు క్షేమముగా చేరినది, తెరచినచో తెలుగు లేదు. కారణమేమి? 1980, 1990 దశకములలో తెలుగు అచ్చునకై వచ్చిన ప్రోగ్రాములు ఇంగ్లీషు అక్షరముల అరలలోనే తెలుగు ముక్కలను కూర్చినవి. ఒక అరలో తలకట్టు, ఒక అరలో గుడి, ఒక అరలో కొమ్ము. ఏ అరలో ఏ ముక్క ఉంచవలెనో ఎవరి ఇష్టము వారిది. ఆ ప్రోగ్రామువారి ఫాంటు ఉన్న యంత్రమున అది తెలుగు. లేనిచోట ఇంగ్లీషు అక్షరముల రాశి. పత్రికలవారు ఇంటర్నెట్టులోనికి వచ్చినపుడు కూడ ఒక్కొక్క పత్రికకు ఒక్కొక్క ఫాంటు. తెలుగువాడు తెలుగు చదువుటకు ముందు ఫాంటు దింపుకొనవలసి వచ్చెను.

దూరదేశములలోని తెలుగువారు ఈ బాధను ముందుగా అనుభవించినారు, ముందుగా మందును వెదకినారు. అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయమున కన్నెగంటి రామారావు, ఆనంద కిశోరు అను విద్యార్థులు తెలుగును ఇంగ్లీషు అక్షరములలో నిర్దుష్టముగా వ్రాయు పద్ధతిని ఏర్పరచినారు. ఆర్.టి.ఎస్. అను ఆ పద్ధతిలో వ్రాసినది ఏ యంత్రములోనైనను చెడకుండ పోవును, చేరినచోట మరల తెలుగుగా మారును. తీగమీద అందరికి తెలిసిన భాష, ఇంటిలో తన భాష అను ఆ పాత సూత్రమే ఇచ్చటను పనిచేసినది.

శాశ్వతమైన మందు యూనికోడ్. లోకములోని లిపులన్నింటికి ఒకే పట్టిక ఉండవలెనని 1991 అక్టోబరులో దాని తొలి సంపుటము వెలువడినది. భారతీయ లిపులకు మన దేశమున సిద్ధమైన ఇస్కీ అను పట్టిక క్రమమునే వారు అనుసరించినారు. తెలుగునకు 3072 మొదలు 3199 వరకు స్థానములు లభించినవి. 'అ' అను అక్షరమునకు 3077. ఏ కంపెనీ యంత్రమైనను, ఏ దేశములోనైనను, ఈ అంకె మన అకారమే. పట్టిక ఏర్పడినంత మాత్రమున పని పూర్తికాదు. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీ తెలుగును ఈ విధముగా చూపగలిగినది. తిరుమల కృష్ణదేశికాచార్యులుగారు పోతన, వేమన అను పేర్లతో యూనికోడ్ ఫాంటులను కూర్చి ఉచితముగా ఇచ్చినారు. 2003లో తెలుగు వికీపీడియాను ప్రారంభించిన వెన్న నాగార్జున, పాత ఫాంటుల వ్రాతను యూనికోడునకు మార్చు పద్మ అను సాధనమును చేసినారు. వీరు వ్యాపారమునకు చేసినవారు కారు. తెలుగు ఫైలు తెలుగుగానే చేరవలెనని చేసినవారు.

ఇంత జరిగినను మన అక్షరములు యంత్రములను ఇంకను పరీక్షించుచునే ఉన్నవి. 2018 ఫిబ్రవరిలో 'జ్ఞా' అను ఒక్క అక్షరము, ఒక విధమైన కూర్పుతో వచ్చినపుడు, ఆపిల్ ఫోనులలోని ప్రోగ్రాములను కుప్పకూల్చినది. ఆ నెల 19వ తేదీన కంపెనీవారు దానిని సరిచేసినారు. ఇంకొకటి ఇండ్లలో నేటికిని తగులు చిక్కు. మన ఐత్వమును యూనికోడ్‌లో రెండు విధముల వ్రాయవచ్చును: ఒకే గుర్తుగా గాని, ఎత్వమును దాని క్రింది ముక్కను విడివిడిగా గాని. ఆపిల్ వారి పాత నిల్వ పద్ధతి ఫైలు పేరును రెండవ విధముగా మార్చి దాచును. ఇతర యంత్రములు మొదటి విధముననే ఉంచును. 'పైపొలము' అని పేరు పెట్టిన ఫైలు కంటికి ఒక్కటే, యంత్రమునకు రెండు. ఒకే అరలో ఆ పేరుతో రెండు ఫైళ్లు ప్రక్కప్రక్కన కనబడుట, ఉన్న ఫైలే లేదని యంత్రము చెప్పుట ఈ కారణమువలన జరుగును. లోపము మనది కాదు, మన గుడింతముది కూడ కాదు. ఒప్పందములో ఒక మూల మిగిలిపోయిన సందు అది.

ఇప్పుడు వెలిమెల ఇంటికి మరలి వత్తము. వారు ఏమి చేయవలెను? కుమారుని పాత లినక్సు యంత్రము ఒకదానిని కాపలాదారుగా నిలుపవచ్చును. దానిలో సాంబా ఉన్నది. ఇంటిలోని రౌటరునకు నాలుగు యంత్రములును తగిలియుండవలెను. అట్టి ఇండ్ల లోపలి వాడుకకై 192.168 తో మొదలగు అంకెల విలాసములు 1994నుండి కేటాయింపబడి ఉన్నవి. ఆ విలాసములు వీధిలో చెల్లవు, కావున అది ఒక విధమైన రక్షణ. కాపలాదారు యంత్రమునకు మారని విలాసము ఒకటి ఇచ్చి, 'ఇల్లు' అని ఒక అర తెరచి, ఇంటిలోని ప్రతివారికి పేరును, రహస్యపదమును ఏర్పరుపవలెను. పాటలను అందరు వినవచ్చును, చెరుపరాదు. తాత వ్రాతను అందరు చదువవచ్చును, దిద్దుట తండ్రికి మాత్రమే. ఈ భేదములను యంత్రమునకు చెప్పవచ్చును. పాత తొలి రూపము ఆగియున్నదో లేదో చూచుకొనవలెను. ఆ అరను ఇంటి వెలుపలికి, ఇంటర్నెట్టులోనికి, తెరువరాదు.

విండోస్ యంత్రమున ఆ కాపలాదారు పేరు వ్రాసినచో అర కనబడును. మాకింటాషులోను అంతే. ఫోనులో ఎస్.ఎం.బి. తెలిసిన ఫైళ్ల ప్రోగ్రాము ఒకటి చాలును. పెన్‌డ్రైవునకు పట్టని వీడియో కూడ ఈ మార్గమున చేరును. అది పట్టకపోవుటకు కారణము చోటు లేక కాదు. చాలా పెన్‌డ్రైవులలో ఉండు ఫాట్ 32 అను పాత పద్ధతి నాలుగు గిగాబైట్లకు మించిన ఒక్క ఫైలును అంగీకరింపదు. తాత వ్రాతను పాత ఫాంటునుండి యూనికోడునకు మార్చవలెను. మార్చిన పిమ్మట తాతను ప్రక్కన కూర్చుండబెట్టుకొని ఒక్కొక్క పేరును చదివి సరిచూడవలెను. ఈ చివరి పనిని ఏ యంత్రమును చేయలేదు, దానికి గడువును ఎక్కువ లేదు. చివరకు, అందరు చూచు అర వేరు, దాచుకొను ప్రతి వేరు. ఒక ప్రత్యేకమైన డిస్కులో ఇంకొక ప్రతిని తీసి, విడిగా, వీలైనచో వేరొక ఇంట, భద్రపరుపవలెను. పంచుకొనుట దాచుకొనుట కాదని వన్నాక్రై చెప్పిన పాఠము.

ఈ చరిత్రలో పేరుపొందినవారెవరును యంత్రములన్నింటిని ఒక్కటిగా చేయలేదు. వేర్వేరుగా ఉన్నవాటి నడుమ ఒక ఒడంబడికను నిలిపినారు. ఆ ఒడంబడిక బహిరంగముగా ఉన్నంతకాలము ఏ కంపెనీ యంత్రము కొన్నను మన సొత్తు మన చేతిలో ఉండును. అది ఒకరి పెట్టెలో ఉన్ననాడు ఆ కంపెనీ మారిననో, మూతపడిననో, మన పత్రములు మనకే చదువరానివగును. వెలిమెల ఇంటిలో ఆ పత్రమేదో మనకు తెలియును. గట్లు చెరిగిన పొలముల పేర్లు, నాయనమ్మ గొంతు. అవి మనుమరాండ్రకు తెలుగులో, ఏ యంత్రములోనైనను, తెరుచుకొనవలెను. ఈ పండుగకు మీ ఇంట అందరు కూడినపుడు, పాత కంప్యూటరులో అట్టి ఫైలు ఏదైనను ఉన్నదేమో ఒకసారి తెరచి చూడుడు. అక్షరములు ఇంకను అక్షరములుగా ఉన్నచో సంతోషము. లేనిచో చదివి చెప్పగల పెద్దలు ఇంటిలో ఉండగానే దిద్దుకొనుటకు పూనుకొనుడు.